అత్త వేసిన వేలిముద్ర

మా అత్త లాల్‌బీ నాకు పెళ్ళయిన నెలలోనే అనుమానాల పుట్ట అని పేరు పెట్టింది. పాలమనిషి చెంబు వంచితే అడుగు చూసేదాన్ని. ఉత్తరం మడత నలిగి ఉంటే తపాలా మనిషి చదివాడేమోనని అడిగేదాన్ని. ఐదో తరగతి దాకా చదివానన్న గర్వం కూడా అందులో కొంత ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అంత అనుమానం ఉన్న నేను, కావలసిన చోట అది పనికిరాక బోర్లాపడ్డ ఎండాకాలం ఒకటుంది.

మద్రాసు మనది కాకుండా పోయి ఐదేళ్ళయినా, మా ఊరు కోట నుంచి పని వెతుక్కునేవాళ్ళు ఇంకా మద్రాసుకే పోతున్న రోజులవి. మా ఆయన హనీఫా మీనంబాకంలో విమానాలకు సామాన్లు ఎక్కించే పనిలో ఉండేవాడు. కూలీలను పెట్టేది ఒక కంట్రాక్టరు. మేమందరం ఆ కంట్రాక్టరునే కంపెనీ అనేవాళ్ళం. మాది దూదేకే ఇల్లు, మాట్లాడేది తెలుగు. ఊళ్ళో ఉర్దూ మాట్లాడే ముసల్మానులు కొందరు మమ్మల్ని చూసి, వీళ్ళకు నమాజూ సరిగా రాదు, రంజానులో ఒక్కపొద్దులూ ఉండరు అని నవ్వేవారు. ఆ నవ్వు మా అత్తకు ఎప్పుడూ గుచ్చుకునేది. కొడుకు మద్రాసు నుంచి, తెల్లారకముందు తిని మళ్ళీ పొద్దుగూకేదాకా గుటక నీళ్ళు కూడా ముట్టడం లేదని ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్ని నాచేత నాలుగిళ్ళలో చదివించింది.

ఆ రంజాను సగంలో, ఒక మధ్యాహ్నం, ఆయన చక్రాల నిచ్చెన పైన నిలబడి విమానంలోకి పెట్టె అందిస్తుండగా నిచ్చెన జరిగింది. ఆయన కిందపడ్డాడు, ఇనప పెట్టె ఆయన కుడి మోచేతి మీద పడింది. పండక్కి నాలుగు రోజుల ముందు భుజం నుంచి వేళ్ళదాకా కట్టుతో ఇంటికి తెచ్చారు.

పండగ నమాజులో మసీదు పెద్ద చోటే సాహెబ్ ఆయన్ని పిలిచి ముందు వరసలో నిలబెట్టాడు. ఎండలో పెట్టెలు మోస్తూ ఒక్కపొద్దు ఉన్న బిడ్డ అని అందరికీ వినబడేటట్టు అన్నాడట. మా తాతల నుంచి దూదేకేవాళ్ళెవరూ ఆ వరసలో నిలబడలేదు. ఆ మాట విని అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఆయన మాత్రం ఇంటికొచ్చి సేమ్యా కూడా ముట్టకుండా పడుకున్నాడు. చెయ్యి నొప్పి కాబోలనుకున్నాను.

పండగైన వారానికి రంగనాయకులు వచ్చాడు. కంట్రాక్టరు దగ్గర మేనేజరు. నెల్లూరు మనిషే, మాటలో తేనె కారుతుంది. గంపెడు బత్తాయిలు తెచ్చి గడపలో పెట్టి, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచినప్పుడే నాకు అనుమానం తగిలింది. కూలివాడి ఇంట్లోకి వచ్చే మేనేజరుకు ఇంత మర్యాద ఎందుకని.

“ఎట్టుండాడమ్మా మనోడు?” అని అత్తను అడిగాడు.

“మీరే చూస్తుండారు గదా సారూ. ఆ చెయ్యి మళ్ళా వంగితే చాలు.”

“పాపం, ఆ ఎండలో ఒక్కపొద్దుతో పనంటే మాటలు కాదు. ఆ పొద్దు గూడా ఉండాడా?”

అత్తకు అంతకన్నా ఏం కావాలి? నిటారుగా కూర్చుంది. “ఉండకపోతే ఎట్టా? నా బిడ్డ ఒక్కటంటే ఒక్కటి ఇడిసిపెట్టలా. పెట్టె మీద పడేదాకా గుటక నీళ్ళు ముట్టలా. దూదేకులోళ్ళకు ఒక్కపొద్దు తెలవదంటారే, వాళ్ళను వొచ్చి చూడమనండి.”

“ఆ మాటే రాసుకుంటానమ్మా. పైవాళ్ళకు చూపిస్తే వాళ్ళ మనసూ కరుగుతాది” అని ఆయన కాగితం తీసి నాలుగు ముక్కలు తెలుగులో రాసి, సిరా డబ్బీ తెరిచాడు.

నేను ఊరుకుంటానా? ముందు నేను చదవాలన్నాను. ఆయన నవ్వుతూ ఇచ్చాడు. పని మానుకున్నట్టు రాశాడేమో, ఇక మేము ఏమీ అడగబోమని రాశాడేమో అని ఒక్కో అక్షరం పట్టి చూశాను. అలాంటిదేమీ లేదు. రంజాను మొదటినుంచీ, దెబ్బ తగిలిన రోజుతో సహా, నా కొడుకు ఒక్కపొద్దులోనే ఉన్నాడు. అంతే ఉంది.

“అంతా సరిగ్గానే ఉంది, వెయ్యి అత్తా” అన్నది నేనే.

మా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. బత్తాయిలు తియ్యగా ఉన్నాయి. ఇరుగుపొరుగుకు కూడా పంచాం.

మే నెల మధ్యలో జీవానందం వచ్చాడు. విమానాల దగ్గర కూలీల సంఘానికి కాగితాలు రాసిపెట్టేవాడు. చేతిసంచీ, దుమ్ము పట్టిన చొక్కా. బత్తాయిలు తేలేదు సరికదా, మంచినీళ్ళు రెండుసార్లు అడిగి తాగాడు. ఇతనికి మా మీద ఎందుకింత శ్రద్ధ, ఇందులో వాటా ఏమైనా అడుగుతాడా అని వంటింటి తలుపు పక్కన నిలబడి చెవులు రిక్కించాను.

“మూడు వారాల కిందటే మద్రాసులో కమిషనరు కచేరీలో అర్జీ పెట్టినాం అన్నా” అన్నాడు మా ఆయనతో. “పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇయ్యాలని చట్టం ఉండాది. అది వాళ్ళు జాలిపడి పెట్టేది కాదు, నీ హక్కు. నిచ్చెన చక్రానికి బ్రేకు పట్టడం లేదని ముందే చెప్పినామని ఇద్దరు కూలీలు రాసిచ్చినారు. అంతా మనవైపే ఉండె. ఇప్పుడు కంపెనీ బదులు పెట్టింది.”

“ఏమని?” అన్నాను నేను లోపల్నుంచే.

“ఒక్కపొద్దు ఉండేవాళ్ళు నిచ్చెన ఎక్కగూడదని రంజాను మొదట్లోనే బోర్డు మీద కాగితం అంటించినారు. అట్టా ఉండేవాళ్ళకు కింద ఊడ్చే పని, సగం కూలి. అది నిజమే, నేనూ చూసినా. ప్రాణానికి భద్రత కోసమని పెట్టిన నియమాన్ని తెలిసి మీరితే, ఆ దెబ్బకు పరిహారం లేదంటాది చట్టం. హనీఫా ఒక్కపొద్దు దాచిపెట్టి నిచ్చెన ఎక్కినాడు, కళ్ళు తిరిగి పడినాడు అంటుండారు. దానికి సాక్ష్యం...” సంచీలోంచి నకలు తీశాడు. “పెద్దామె వేలిముద్ర.”

ఒక్కో అక్షరం పట్టి చూసి, సరిగ్గా ఉందని చెప్పిన నోరు నాదే. అత్త వైపు చూడలేకపోయాను.

జీవానందం గొంతు తగ్గించాడు. “అన్నా, ఒక్క మాట చెప్పు. ఆ పొద్దు తిన్నావా లేదా?”

మా ఆయన నోరు తెరవకముందే అత్త అంది, “తినలా.”

“మగ్దలీనమ్మ వేరే చెప్తా ఉండాది. సాక్ష్యానికి వస్తానని తనే అడిగింది.”

ఆ పేరు వినగానే మా ఆయన ముఖంలో రంగు మారింది. “ఆమెను ఇందులోకి లాగొద్దు జీవానందం” అన్నాడు. “కేసు పోతే పోనీ.”

మగ్దలీనమ్మ ఎవరు? మీనంబాకం స్టేషను బయట అన్నం అమ్మే మనిషని జీవానందం పోతూ పోతూ చెప్పాడు. అన్నం అమ్మే మనిషి పేరెత్తితే చేతికి కట్టున్న మగవాడు అంతగా ఉలికిపడడం ఎందుకు? కేసు పోయినా ఫరవాలేదనడం ఎందుకు? ఆ కుడిచేత్తో ఆయన పెట్టె ఎత్తలేడు, దూదేకే విల్లు పట్టలేడు. కేసు పోతే మేము తినేదేమిటి? అదంతా పోయినా సరే, ఆవిడ మాత్రం బయటికి రాకూడదా?

మర్నాడు ఆయన పెట్టె అంతా దులిపాను. చొక్కాల కింద చిన్న సత్తు డబ్బా, అందులో అడుగంటిన గోంగూర పచ్చడి. మా ఇంటి పచ్చడి కాదు. మా అత్త గోంగూరలో అంత వెల్లుల్లి వెయ్యదు.

“ఇది ఎవరు పెట్టినారయ్యా?”

“ఎవరో పెట్టినారు.”

“ఎవరో అంటే?”

ఆయన డబ్బా తీసుకుని మూత పెట్టాడు. “ముంతాజూ, నీకు పుణ్యముంటాది, ఇంక అడగొద్దు” అన్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన నన్ను అట్లా బతిమాలలేదు. దాంతో నాకు రుజువు దొరికినట్టే అయింది. ఆ వారమంతా ఆయనకు అన్నం పెట్టాను గాని పక్కన కూర్చోలేదు.

కట్టు విప్పడానికి మద్రాసు పోయినప్పుడు నేనూ వెంట పోయాను. కట్టు విప్పితే చెయ్యి వంగలేదు, వేళ్ళు మూసుకోలేదు. ఇంక ఇంతేనన్నాడు డాక్టరు. ఆయన ఆ చేతిని మరొకరి చేతిని చూసినట్టు చూసుకున్నాడు. అది చూసి కూడా నేను వచ్చిన పని మరిచిపోలేదు. ఆయన్ని చుట్టాలింట్లో దించి, బజారుకని చెప్పి మీనంబాకం రైలెక్కాను. దారి పొడుగునా ఆవిడతో ఏ మాటతో మొదలుపెట్టాలో మనసులో కూర్చుకున్నాను. ఒక్కటీ మంచి మాట కాదు.

స్టేషను ఎదురుగా తాటాకు పాక. పొయ్యి దగ్గర తెల్ల చీర కట్టిన ముసలావిడ, నోట్లో నాలుగు పళ్ళున్నాయేమో. మగ్దలీనమ్మ ఎవరంటే నేనే అంది. కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“కోట హనీఫా పెళ్ళానివా? కూర్చో బిడ్డా. నాది కావలి పక్క” అని మంచినీళ్ళిచ్చింది. “ఎట్టుండాది ఆ చెయ్యి?”

చెప్పాను. చెప్పి, నా మొగుడు నీ సాక్ష్యం వద్దని ఎందుకంటున్నాడని సూటిగా అడిగాను.

ఆవిడ నన్ను లేపి పాక వెనక్కి తీసుకుపోయింది. అక్కడ రైల్వే గోడ, గోడకు ఆనించి ఒక చెక్క. “రంజాను మొదలైనకాడి నించి దెబ్బ తగిలేదాకా ఈడ కూర్చొని తినేవోడు. మొకం గోడకేసి, వీపు నాకేసి. ఎవురూ చూడగూడదని. అంతకుముందు ముందరనే కూర్చొని నవ్వతా తినేవోడు. ఆ నెల మాటే ల్యా. ఒక్కపొద్దుంటే సగం కూలి, సగం కూలితో ఇల్లు గడవదు అన్నాడు ఒకరోజు. ఇంటికి మటుకు ఉండానని రాసినానమ్మా అని ఏడ్చినాడు. కూర సయించకపోతే పచ్చడి కట్టిచ్చినా. ఆ పొద్దు గూడా తిన్నాడు. తిని పోయిన అరగంటకు కేకలు ఇనపడినాయి.”

నేను ఆ చెక్క మీద కూర్చుండిపోయాను. ముందు నాకు నవ్వొచ్చింది, ఈ నాలుగు పళ్ళ ముసలమ్మ మీదా నేను వారం రోజులు మండిపోయింది అని. తరవాత ఏడుపొచ్చింది. గోడలో రెండు ఇటుకల మధ్య గడ్డి మొలిచి ఉంది. పదిహేను రోజులు ఆయన చూస్తూ తిన్నది దాన్నే.

నిజం చెబితే కేసు మాది. కాని ఆ నిజం చెబితే, ముందు వరసలో కొడుకును చూసుకుని ఏడ్చిన మా అత్త కోటలో తలెత్తుకు తిరగలేదు. ఆయన వద్దన్నది అందుకు. తిండి పోయినా ఫరవాలేదు, తల్లి మాట పోగూడదని. తిరుగు రైల్లో ఆయన పక్కన కూర్చున్నాను. గోడ చూసి వచ్చానని చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, “అమ్మకు చెప్పమాక” అన్నాడు.

జూన్ చివర్లో విచారణ. కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పమని అత్తకే సమను వచ్చింది. చోటే సాహెబ్‌కు కూడా వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి, అత్తను వాకిట్లో నిలబెట్టి చాలాసేపు మాట్లాడాడు. నేను పోయేసరికి ఆపేశారు.

“ఏమంటుండాడు అత్తా?”

“ఏమంటాడు? రేపు రైలు ఎన్నింటికి అంటుండాడు.”

రైలు ఎన్నింటికని అడగడానికి అంతసేపా? కొడుకు పేరు, జమాతు పరువు అని ఆవిణ్ణి కట్టేశాడని నాకు నమ్మకం కలిగింది. రంగనాయకులు ఇతన్ని కూడా బత్తాయిలతో కొన్నాడా అనుకున్నాను. రైలెక్కాక అత్త పక్కనే కూర్చుని, చెప్పనా వద్దా అని నాయుడుపేట దాకా, సూళ్ళూరుపేట దాకా నోరు తెరవడం, మూయడం. ఎదురుగా మా ఆయన చెప్పొద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. అత్త మాత్రం తస్బీ పూసలు తిప్పుతూ కళ్ళు మూసుకుని ఉంది.

కచేరీ గదిలో పంకా తిరుగుతున్నా చెమటలు పోస్తున్నాయి. కమిషనరు కళ్ళద్దాల మనిషి. మా మాటలు ఆయనకు అరవంలో చెప్పడానికి గుమాస్తా ఉన్నాడు. చోటే సాహెబ్ ముందు చెప్పాడు. తను విన్నదే చెప్పాడు, ఎక్కువా తక్కువా లేకుండా. ఆ కుర్రవాడు ఒక్కపొద్దు విడవలేదని ఊరంతా అనుకున్నారు, నేను ముందు వరసలో నిలబెట్టాను అన్నాడు. తరవాత అత్తను పిలిచి ప్రమాణం చేయించారు.

కంపెనీ వకీలు కాగితం చూపించాడు. “ఈ వేలిముద్ర నీదేనా?”

“నాదే సారూ.”

“ఇందులో ఉన్నది నువ్వు చెప్పిందేనా?”

“నేను చెప్పిందే. ఆయన నా మీద ఏమీ కల్పించలా.”

రంగనాయకులు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. వకీలు కూర్చోబోతుంటే కమిషనరు చెయ్యెత్తి ఆపి, గుమాస్తాతో ఏదో అన్నాడు. గుమాస్తా అడిగాడు, “అది నిజమేనా అవ్వా?”

అత్త తలమీద కొంగు సర్దుకుంది. చోటే సాహెబ్ వైపు ఒకసారి చూసింది, మా ఆయన వైపు చూడలేదు.

“నిజం కాదు” అంది. “నా బిడ్డ ఒక్కపొద్దు లేడు. తెలిసే చెప్పినా.”

వకీలు మళ్ళీ లేచాడు. “నువ్వు కోటలో ఉన్నావు. మద్రాసులో అతను తిన్నాడని నీకెట్లా తెలుసు?”

“రంజాను మొదటి శుక్రవారం పొద్దుగూకేటప్పటికి ఇంటికొచ్చినాడు సారూ. పగలంతా నోరు ఎండినోడు, మసీదు బాంగు ఇనపడతానే ముందు నీళ్ళ చెంబుకు చెయ్యి చాపుతాడు. ఎంత మర్యాదస్తుడైనా చెయ్యి ఆగదు. వీడు చెంబు నాకిచ్చినాడు, పెళ్ళానికిచ్చినాడు, ఖర్జూరం పంచినాడు, అందరూ తాగినాక తాగినాడు. ఆ పూటే తెలిసింది నాకు.” అత్త వకీలును వదిలి కమిషనరు వైపు తిరిగింది. “మావాళ్ళను నవ్వతారు సారూ. నవ్వేవాళ్ళ ముందర నా బిడ్డను పెద్ద జెయ్యాలని అబద్ధం చెప్పినా. అది వాడి చేతికి అడ్డమొస్తాదని తెలవలా. తప్పు నాది. వాడు తినే నిచ్చెన ఎక్కినాడు.”

ఆ శుక్రవారం నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చెంబు ముందు నాకందిస్తే ఎంత ప్రేమోనని మురిసిపోయాను. అనుమానాల పుట్టను నేను, కనిపెట్టింది ఆవిడ. మా ఆయన తల వంచుకుని, పనిచేయని కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

తరవాత మగ్దలీనమ్మ చెప్పింది, బ్రేకు గురించి కూలీలు చెప్పారు. తీర్పు ఆ యేడు వానల్లో వచ్చింది, మావైపే వచ్చింది. ఆ పరిహారంతోనే మా పరుపుల కొట్టు పెట్టాం. ఆయన విడిచిన ఒక్కపొద్దులన్నీ చలికాలంలో తల్లీ కొడుకూ కలిసి ఉండి తీర్చారు. మరుసటి పండక్కి ముందు వరసలో ఆయన్ని ఎవరూ పిలవలేదు. అవన్నీ తరవాతి సంగతులు. నాకు ఆ ఎండాకాలం అంటే గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే.

కచేరీ మెట్లు దిగుతుంటే అత్త మగ్దలీనమ్మను అడిగింది, “నీ పాక యాడ? ఆకలవతా ఉండాది.”

మేమంతా రైల్లో మీనంబాకం పోయాం. కొడుకు పనిచేసిన చోటు చూద్దురు గాని అని చోటే సాహెబ్‌ను కూడా రమ్మని అడిగింది అత్తే. అయితే ఆయన దిగాక స్టేషను గేటు దగ్గరే ఆగిపోయాడు, గొడుగు తెరిచి నిలబడ్డాడు. మగ్దలీనమ్మ విస్తళ్ళు వేసింది. మా ఆయన ఏదో అలవాటుగా తన విస్తరి ఎడమచేత్తో తీసుకుని పాక వెనక్కి పోయి, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. అత్త పోయి చూసింది. ఆ చెక్క, ఆ గోడ, కొడుకు వీపు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఇటు రా నాయనా” అంది. “రోడ్డుకేసి తిరిగి కూర్చో.”

ఆయన వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి విస్తరి దాకా పోయి ఆగిపోయింది. ఎడమచేత్తో తినడం తప్పని చిన్నప్పుడు నేర్పిన తల్లి ఎదురుగా నిలబడి ఉంది. అత్త చెయ్యి కడుక్కుని వచ్చి, పప్పూ అన్నమూ కలిపి, ముప్పై ఏళ్ళ కొడుకు నోటికి ముద్ద అందించింది. ఆయన నమిలాడు, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

నా బుద్ధి పోదు గదా, గొడుగు కింద నుంచి సాయిబు గారు చూస్తున్నారేమోనని రోడ్డు వైపు చూశాను. చూస్తున్నారు. అత్త కూడా తలెత్తి ఆయన్ని చూసింది. చూసి, రెండో ముద్ద కలిపింది.